డీడీ-214లో చేరని పతకాలను నమోదు చేయించుకోవడం

అమెరికా సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రపు ప్రస్తుత నమూనాలో పతకాలు 13వ గడిలో ఉంటాయి. అక్కడ ఏదైనా తప్పిపోతే, పతకం మంజూరు చేసిన ఉత్తర్వు ప్రతిని జతచేసి, సైనిక రికార్డుల కోసం పెట్టుకునే ఎస్‌ఎఫ్-180 అనే అభ్యర్థన ఫారాన్ని సంతకం చేసి సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి పంపాలి. ఆమోదిస్తే పాత పత్రాన్ని తిరగరాయరు. సవరణను డీడీ-215 పేరిట విడిగా ఇస్తారు.

అసలు బరువంతా ఆధారాలదే. 1973 జులైలో ఆ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నుంచి 1960 వరకు విడుదలైన ఆర్మీ సిబ్బంది ఫైళ్లు దాదాపు 80 శాతం నాశనమయ్యాయి గనుక, ఆ తరంవారి కుటుంబీకులు ఇంటి పెట్టెల్లోని పాత ఉత్తర్వులను ముందుగా వెతకడం మేలు.

తిరస్కరిస్తే డీడీ-149 ఫారంతో సంబంధిత దళపు రికార్డుల సవరణ బోర్డును ఆశ్రయించవచ్చు. పొరపాటు తెలిసిన 3 ఏళ్లలోపు దరఖాస్తు చేయాలన్న నియమం ఉన్నా, న్యాయం దృష్ట్యా బోర్డు దానిని సడలించగలదు; ఆలస్యానికి కారణం మాత్రం రాయాలి.