ఇంట్లో పాయింట్ షూస్ కట్టే ముందు

పాయింట్ షూస్ అంటే బ్యాలే నాట్యంలో కాలివేళ్ల కొసల మీద నిలబడేందుకు వేసుకునే గట్టి ముక్కు షూలు. వీటికి మీ బ్యాలే టీచర్ సరేనన్నారా? పన్నెండేళ్లు నిండితే చాలదు. చీలమండ, పిక్క బలం చూసి ఆవిడే చెప్పాలి.

అసలు చిక్కు నేలతోనే. తిరుపతి ఇళ్లలో ఎక్కువగా గ్రానైట్ లేదా టైల్స్. శాటిన్ ముక్కు జారుతుంది, దిగేటప్పుడు అదురంతా కాలి ఎముకలకే. యోగా మ్యాట్ పరవకండి: మెత్తగా నలిగి చీలమండ మెలిపడుతుంది. కదలని ప్లైవుడ్ మీద వినైల్ షీటు అతికించి, అడుగున రబ్బరు మ్యాట్ వేయండి. తుడిచిన తడి ఆరిందో లేదో చూసుకోండి.

పట్టుకోవడానికి కిటికీ గ్రిల్ నయం. ప్లాస్టిక్ కుర్చీ అసలొద్దు.

షూ ముక్కు గుడ్డ, కాగితం పొరలను జిగురుతో గట్టిపరిచి చేసింది; చెమటకు మెత్తబడుతుంది. నొక్కితే సొట్టపడినా, షాంక్ (అడుగున ఉండే గట్టి పట్టీ) విరిగినట్టు వంగినా ఆ జత పక్కన పెట్టాల్సిందే. వాడాక ప్యాడ్లు తీసి ఫ్యాను కింద ఆరబెట్టండి. నవంబరు వానల్లో ఒక్క రోజుకు ఆరదు, రెండో జత ఉంటే మేలు.

గోళ్లు అడ్డంగా, మరీ లోతుగా కాకుండా కత్తిరించుకోవాలి. రిబ్బన్ ముడి చీలమండ లోపలివైపు గుంటలో దోపాలి; మడమ వెనక స్నాయువు మీద పడితే ఒరుసుకుని వాస్తుంది.

మెత్తటి షూతో పదిహేను నిమిషాల వార్మప్ తర్వాతే ఇవి. ఇంట్లో రెండు కాళ్ల రెలెవేలు (వేళ్ల కొసల మీదికి లేవడం) చాలు, అవీ గ్రిల్ పట్టుకునే. గెంతడాలు, తిరగడాలు క్లాసులోనే. మడమ వెనక పోటు వస్తే ఆ రోజుకు షూ విప్పేయండి.