వేరే రాష్ట్రపు అతిథులకు మన ఇంట్లో ఆతిథ్యం ఎలా ఇవ్వాలి?

మా నల్లగొండ ఇంటికి దసరా సెలవుల్లో నాన్న స్నేహితుల కుటుంబాలు వచ్చేవి. ఒక ఏడాది బెంగాల్ వాళ్లు, మరో ఏడాది గుజరాత్ వాళ్లు. వాళ్లున్నన్నాళ్లూ అమ్మ వాళ్ల వంట చేయబోయేది కాదు. "అది వాళ్లింట్లో రోజూ తింటారు. మనింటికి వచ్చింది మన రుచి చూడడానికి" అనేది. నేను ఇప్పటికీ ఆమె పద్ధతినే నమ్ముతాను.

1. ముందే ఫోను చేసి అడగండి

"ఏమి వండమంటారు?" అంటే ఎవరైనా "ఏదైనా ఫరవాలేదు" అనే అంటారు. "ఏవి తినరు?" అని అడగండి. జైనులైతే ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ముట్టరు. చాలామంది పొద్దుగూకకముందే భోజనం ముగిస్తారు. బెంగాలీ బ్రాహ్మణులు మాత్రం చేప తింటారు, కాబట్టి ఇంటిపేరు చూసి నిర్ణయించకండి. పెద్దవాళ్ల మందుల వేళలు, ఉపవాసం రోజులు కూడా తెలుసుకోండి.

2. నీళ్ల సంగతి మీరే చెప్పండి

నల్లగొండ అనగానే బయటివాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అడగడానికి మొహమాటపడి నీళ్లు తక్కువ తాగుతారు. తాగేది కృష్ణా నీరో, ఇంట్లో శుద్ధి చేసిందో రాగానే చెప్పేయండి.

3. రొట్టె పొయ్యి మీది నుంచి నేరుగా కంచంలోకి రావాలి

జొన్నరొట్టె చల్లారితే గట్టిపడుతుంది. తొలిసారి తినేవాళ్లకు అదే దాని రుచి అనిపిస్తుంది. అందుకే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకుండా ఇద్దరిద్దరికి వేడివేడిగా వడ్డించండి. పిండిలో మరిగే నీళ్లు పోసి కలిపి, బాగా పిసికి, చేత్తో తట్టడం వాళ్లకు చూపించండి. ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక ముద్ద ఇవ్వండి. అంచులు పగిలినా, ఆ రొట్టెనే కాల్చి పెట్టండి.

కారం తగ్గించడానికి కూరంతా చప్పగా చేయనక్కరలేదు. కారం వేసేముందు కొంత కూర వేరే గిన్నెలోకి తీయండి. పచ్చిపులుసు తప్పకుండా చేయండి. చింతపండు రసంలో ఉల్లిపాయలు, కాల్చిన పచ్చిమిర్చి, నువ్వుల పొడి, కాస్త బెల్లం కలిపితే చాలు, మరిగించే పని లేదు. గుజరాతీలకు పప్పులో తీపి అలవాటే కనుక ఈ పులుపూ తీపీ వాళ్లకు వెంటనే నచ్చుతాయి.

4. పండుగలో పని ఇవ్వండి

అతిథిని కుర్చీలో కూర్చోబెట్టి చూడమంటే వాళ్లు పరాయివాళ్లుగానే ఉండిపోతారు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు, బంతి పూలు ముందు వేసి కాడలు కోయమనండి. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే అమావాస్యే బెంగాలీలకు దుర్గాపూజ రాకను చెప్పే మహాలయ. ఇది తెలిశాక, మా ఇంటికి వచ్చిన బెంగాలీ అక్క వాళ్ల ఊరి పూజ గురించి చెబుతూనే పూలన్నీ రంగుల వారీగా వేరు చేసింది. సాయంత్రం రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు కూడా ఆమే పంచింది. భాష రాకపోయినా చప్పట్ల వరుస అందరికీ అందుతుంది.

5. రోజుకు ఒక్క చోటికే తీసుకెళ్లండి

వాళ్ల ఊరితో ముడిపడే చోటు ఎంచుకోండి. గుజరాతీలకు తమ పటాన్ ఊరి పటోలా పట్టుచీరలు తెలుసు కాబట్టి పోచంపల్లి చూపించండి. అక్కడా నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. హౌరా తోటలోని పెద్ద మర్రిని చూసిన బెంగాలీలకు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి నచ్చుతుంది. దగ్గర్లోనే కావాలంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ దగ్గర కాసేపు కూర్చోనివ్వండి, తొందరపెట్టకండి.

6. వెళ్లేముందు

వాళ్ల వంట ఒక్కటైనా వాళ్ల చేతే రాయించుకోండి. అమ్మ నోటుపుస్తకంలో ఖర్జూరం, టమాటా చట్నీ ఆ అక్క చేతిరాతలో, హిందీలో ఉంది. వాళ్లు వెళ్లాక ప్రతి దసరాకూ చేసుకుంటున్నాం.

మీరూ పచ్చిపులుసు కొలతలు గ్లాసు, చెంచా లెక్కల్లో రాసివ్వండి. నువ్వుల ఉండలు, కందిపొడి రైలు ప్రయాణానికి తట్టుకుంటాయి. బెంగాల్ వైపు జొన్నపిండి ఇక్కడంత సులువుగా దొరకదు. రొట్టె నచ్చినవాళ్లకు ఒక కిలో కొత్త పిండి కట్టి, త్వరగా వాడుకోమని చెప్పండి.