బరంపురంలో సైన్స్ ఫిక్షన్ క్లబ్ పెట్టాలంటే

అధ్యక్షుడు, లోగో, రూల్స్ అంటూ మొదలుపెట్టకండి. ఐదారుగురు దొరికితే చాలు, నెలకో ఆదివారం సాయంత్రం ఎవరింటి డాబా మీదైనా కూర్చోవచ్చు.

అసలు చిక్కు చదవడం దగ్గరే. ఒడిశాలో ఉన్న మన బరంపురం, పర్లాకిమిడి పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు కానీ బళ్లో ఒడియానో ఇంగ్లీషో చదువుకున్నవాళ్లు చాలామంది, తెలుగు అక్షరాల దగ్గర తడబడతారు. కథ ఇచ్చి చదువుకొని రమ్మంటే ఎవరూ చదివి రారు. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి, ఇరవై నిమిషాలు మించకూడదు. మంచి పట్టు మీదున్నప్పుడు ఆపేసి "ఇక్కడ నువ్వైతే ఏం చేస్తావ్?" అని అడగండి, నోరు మెదపనివాడు కూడా అందుకుంటాడు.

సినిమాతో మొదలెట్టాలంటే 1991 నాటి 'ఆదిత్య 369' పెట్టండి, కాలయంత్రంలో కృష్ణదేవరాయల దగ్గరికి వెళ్లడమంటే అమ్మమ్మలు కూడా వచ్చి కూర్చుంటారు. ఆ తర్వాత 1895లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన 'ది టైమ్ మెషీన్' నవల సంగతి ఎత్తండి, అందులో మనిషి ఏకంగా 8,02,701వ సంవత్సరానికి పోతాడు. వెనక్కి వెళ్తే కథకి ఏం లాభం, ముందుకెళ్తే ఏం లాభం? ఈ ఒక్క ప్రశ్నతో సాయంత్రం గడిచిపోతుంది.

చందాలు వద్దు. టీ, మిక్చర్ ఖర్చు అప్పటికప్పుడు పంచుకోండి, డబ్బు పోగైతే లెక్కలు, లెక్కలొస్తే అలకలు. ఒడియా స్నేహితులు వస్తామంటే రానివ్వండి, పక్కన ఒకరు ఒడియాలో చెబుతూ ఉంటే సరిపోతుంది. వానాకాలంలో మాత్రం డాబాని నమ్ముకోకండి.