పుస్తకావిష్కరణ వార్త పేపర్లో పడాలంటే

ప్రెస్ నోట్ ఒక్క పేజీ, 150 మాటలు చాలు. ఎవరి పుస్తకం, పేరేమిటి, ఎవరు ఎక్కడ ఆవిష్కరించారు అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే వచ్చేయాలి. చోటు చాలకపోతే డెస్కులో, అంటే పత్రికలో వార్తలు దిద్దే చోట, కింది నుంచి కోసేస్తారు. అందుకే రచయిత సన్మానాల జాబితా చివరికి నెట్టండి. ‘సుప్రసిద్ధ’ లాంటి విశేషణాలు ఎలాగూ కొట్టేస్తారు, రాయకపోవడమే మర్యాద.

ఎక్కువమంది తడబడేది జిల్లా దగ్గర. 2022 ఏప్రిల్ 4 నుంచి అమలాపురం, రాజోలు కోనసీమ జిల్లాలో ఉన్నాయి. తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రాలు. సభ రాజమండ్రిలో జరిగి, రచయితది రాజోలు అయితే రెండు చోట్ల విలేకరులకూ విడివిడిగా పంపండి. రాజోలుకు వెళ్లే నోట్‌లో ‘రాజోలుకు చెందిన రచయిత’ అన్న మాటతోనే మొదలవ్వాలి. లేకపోతే అది పక్క జిల్లా వార్త అయిపోయి పక్కకు పోతుంది.

మ్యాటర్ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగు చదవగలిగే పద్ధతిలో ఉండాలి. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో పంపితే, అవతల ఆ ఫాంట్ లేనప్పుడు పిచ్చిగీతలే కనిపిస్తాయి. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గి అచ్చులో మసకబారుతుంది. ఫొటోలో ఐదుగురికి మించకుండా, అట్ట కనిపించేలా, పేర్లు ఎడమ నుంచి వరసగా. మన సభల్లో వేదిక మీదకి ఊరంతా ఎక్కుతుంది, దాన్ని ఆపడం ఏ పీఆర్వో తరమూ కాదు. ఆ తొక్కిసలాటకు ముందే ఫొటో తీయించండి.

సంక్రాంతి మూడు రోజులూ సభ పెట్టొద్దు, జిల్లా పేజీల నిండా కోడిపందేలే. సమీక్షకు 2 ప్రతులు వేరే కవర్లో పంపండి.