ట్యాంక్ కంట్రోలర్‌కి ఈఎస్‌పీ32లో ఏ పిన్ వాడాలి

పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు మొదలైతే చాలు, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్) బోర్డు పట్టుకుని, "సార్, కోడ్ కరెక్టే, బోర్డే పోయింది" అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. బోర్డు చాలాసార్లు బాగానే ఉంటుంది. కోడ్‌లో కూడా తప్పుండదు. వైరు పెట్టిన పిన్నే ఆ పనికి పనికిరాదు.

జీపీఐఓ పిన్ అంటే ఇన్‌పుట్‌గానైనా, అవుట్‌పుట్‌గానైనా మనకు నచ్చినట్టు వాడుకునే పిన్ అని పుస్తకంలో ఉంటుంది. కానీ బోర్డుకు పవర్ అందాక మీ కోడ్‌లో మొదటి లైన్ నడిచేలోపు కొంత సమయం పడుతుంది. అప్పుడు పిన్లు మీ మాట వినవు, చిప్ తన పనులకు వాడుకుంటుంది. అందుకే ఏ పిన్ ఎంచుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోమంటాను: పవర్ వచ్చిన క్షణంలో ఈ పిన్ ఏం చేస్తుంది?

ఎక్కువమంది చేసే ప్రాజెక్టునే తీసుకుందాం. ఇంటి పైన ట్యాంక్, కింద మోటార్. ఒక ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి కలిసే, విడిపోయే స్విచ్), నీటి మట్టం చూడటానికి అల్ట్రాసోనిక్ సెన్సర్, రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్), ఒక బటన్, ఒక ఎల్ఈడీ. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఇచ్చే మామూలు ఈఎస్‌పీ32 డెవ్‌కిట్, అంటే వ్రూమ్-32 మాడ్యూల్ ఉన్న బోర్డు చాలు. ఎస్3, సీ3 లాంటి కొత్త చిప్‌లలో పిన్ నంబర్ల లెక్క వేరు. కింద చెప్పేదంతా పాత ఈఎస్‌పీ32కే.

ముందు కాగితం మీద పిన్ల పట్టిక రాసుకుని, వాడకూడనివి కొట్టేయండి. 6 నుంచి 11 వరకు ముట్టుకోవద్దు. అవి లోపలి ఫ్లాష్ మెమరీకి వెళ్తాయి. 38 పిన్ల బోర్డు మీద సీఎల్‌కే, సీఎండీ, ఎస్‌డీ0 అని రాసి బయటికి కనిపిస్తుంటే ఖాళీ పిన్లు అనుకుని వాడేస్తారు, బోర్డు ఆగిపోతుంది. 1, 3 పిన్లు కంప్యూటర్‌తో మాట్లాడే సీరియల్ లైన్లు, వాటినీ వదిలేయండి. 34, 35, 36, 39 ఇన్‌పుట్‌కి మాత్రమే. వాటికి లోపల పుల్అప్ (పిన్‌ని 3.3 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) కూడా లేదు, కోడ్‌లో పుల్అప్ అని రాసినా ఏమీ జరగదు. 36, 39 పిన్లను చాలా బోర్డుల మీద వీపీ, వీఎన్ అని ముద్రిస్తారు, గుర్తుపెట్టుకోండి.

అసలు తలనొప్పి 0, 2, 5, 12, 15తో. వీటిని స్ట్రాపింగ్ పిన్లు అంటారు. లేచేటప్పుడు చిప్ వీటి వోల్టేజీ చూసి ఎలా లేవాలో నిర్ణయించుకుంటుంది. 0 గ్రౌండ్‌కి కలిసి ఉంటే ప్రోగ్రామ్ ఎక్కించుకునే మోడ్‌లోకి పోయి అక్కడే కూర్చుంటుంది. 12 మరీ ప్రమాదం. ఆ క్షణంలో అది హైలో (3.3 వోల్టుల దగ్గర) ఉంటే, ఫ్లాష్‌కి 3.3 వోల్టుల బదులు 1.8 ఇవ్వాలని చిప్ అనుకుంటుంది. వ్రూమ్-32లో ఉండేది 3.3 వోల్టుల ఫ్లాష్. చదవడం కుదరక ఎర్రర్ చూపిస్తూ పదే పదే రీస్టార్ట్ అవుతుంది.

ఫ్లోట్ స్విచ్‌ని 12కి, 3.3 వోల్టులకి మధ్య పెట్టారనుకోండి. ల్యాబ్‌లో టేబుల్ మీద బాగానే పనిచేస్తుంది. ఇంటికి తీసుకెళ్లి బిగించాక కూడా నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ట్యాంక్ నిండి స్విచ్ కలిసి ఉన్నప్పుడు కరెంట్ పోయి వస్తే మాత్రం బోర్డు లేవదు. నీళ్లు తగ్గాక రీసెట్ నొక్కితే మళ్లీ మామూలే! ఈ లక్షణం చూసి బోర్డు మార్చేవాళ్లు, అడాప్టర్ మార్చేవాళ్లు, ఎర్తింగ్‌ని తిట్టేవాళ్లు ఉంటారు. మార్చాల్సింది ఒక్క వైరు.

ఫ్లోట్ స్విచ్‌ని 33కి పెట్టండి, రెండో కొస గ్రౌండ్‌కి. లోపలి పుల్అప్ సుమారు 45 కిలోఓమ్‌లు. అంగుళాల వైరుకి అది చాలు. డాబా పైనుంచి కిందికి వచ్చే వైరు మాత్రం చుట్టూ ఉన్న కరెంటు వైర్ల నాయిస్‌ని పట్టేస్తుంది. పిన్ నుంచి 3.3 వోల్టులకి బయట 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్, పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు స్విచ్ కలిసి, నిండాక విడిపోయేలా ఫ్లోట్‌ని కట్టండి. అప్పుడు ఎలుక వైరు కొరికినా కోడ్‌కి "ట్యాంక్ నిండింది" అనే కనిపిస్తుంది, మోటార్ ఆగుతుంది. తిరగేసి కడితే వైరు తెగిన రోజున నీళ్లు వీధిలోకి పారతాయి. నీళ్ల అలలకి స్విచ్ కొట్టుకుంటుంది కాబట్టి, రెండు మూడు సెకన్లు ఒకే విలువ వస్తేనే నమ్మేలా కోడ్ రాయండి.

సెన్సర్‌కి రెండు పిన్లు కావాలి. మామూలు అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04లో ట్రిగ్గర్‌కి (కొలవమని చెప్పే లైన్) 3.3 వోల్టులు సరిపోతాయి, 26 ఇవ్వండి. జవాబు పంపే ఎకో లైన్ మాత్రం 5 వోల్టులు బయటికి పంపుతుంది. ఈ చిప్ పిన్లు 3.3కి చేసినవి. "మా ఫ్రెండ్ నేరుగా పెట్టాడు, పనిచేస్తోంది సార్" అంటారు. చేస్తుంది, ఎన్నాళ్లు చేస్తుందనేదే ప్రశ్న. ఎకో నుంచి 1 కిలోఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్‌లు పెట్టి, రెండూ కలిసే చోటు నుంచి 27కి వైరు తీయండి. అక్కడ సుమారు 3.3 వస్తుంది.

అనలాగ్ సెన్సర్ కూడా పెట్టాలనుకుంటే 32 నుంచి 39 మధ్య పిన్లే వాడండి. 4, 25, 26, 27 లాంటివి రెండో ఏడీసీకి (అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం) చెందినవి, వైఫై నడుస్తున్నప్పుడు వాటితో అనలాగ్ రీడింగ్ తీసుకోలేం. డిజిటల్‌గా వాడుకోవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఇక రిలే. 5 వోల్టుల చిన్న నీలం రిలే కాయిల్ సుమారు 70 మిల్లీఆంపియర్లు లాగుతుంది. పిన్ అంత ఇవ్వలేదు. 20 దాటించకపోతే మంచిది. విడి రిలే అయితే బీసీ547 ట్రాన్సిస్టర్, బేస్‌కి 1 కిలోఓమ్, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్. రెడీమేడ్ మాడ్యూల్ అయితే అవన్నీ అందులోనే ఉంటాయి, కానీ చాలా మాడ్యూళ్లు పిన్ "లో" (0 వోల్టులు) అయితే ఆన్ అవుతాయి. 5, 14, 15 పిన్ల మీద బోర్డు లేచేటప్పుడు సిగ్నల్స్ వస్తాయి, రిలే టక్‌మంటుంది. అందుకే అలాంటి రిలే మాడ్యూల్‌కి 25 ఇచ్చి, దాన్ని 10 కిలోఓమ్‌లతో 3.3కి కట్టేయండి. కోడ్‌లోని సెటప్ భాగం మొదట్లోనే ఆ పిన్‌ని హై చేసేయండి, వైఫై కనెక్ట్ అయ్యేదాకా ఆగొద్దు.

బటన్ 32కి, ఎల్ఈడీ 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో 4కి. వీటికి టెన్షన్ అక్కర్లేదు.

రిలే బిగించే ముందు ఒక పరీక్ష చేయండి. 3.3 నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ మీదుగా 25కి కలపండి. పిన్ "లో" అయితే వెలుగుతుంది, అంటే అచ్చం మీ రిలే మాడ్యూల్ లాగే. ఈఎన్ (రీసెట్) బటన్ పదే పదే నొక్కుతూ చూడండి, యూఎస్‌బీ పీకి మళ్లీ పెట్టి చూడండి, ఫ్లోట్‌ని రెండు స్థితుల్లోనూ ఉంచి చూడండి. ఒక్కసారి మినుకుమన్నా రిలే పెట్టకండి, పుల్అప్ సరిగా తగిలిందో లేదో వెతకండి.

అన్నీ బాగున్నాక కూడా ఆ నీలం రిలేని నేరుగా మోటార్‌కి కలపొద్దు. దాని మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా, మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంట్ మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాంటాక్టులు అతుక్కుపోతాయి. రిలేతో కాంటాక్టర్ (పెద్ద కరెంట్‌ని తట్టుకునే పెద్ద రిలే) కాయిల్‌ని ఆడించండి, మోటార్‌ని కాంటాక్టర్ నడుపుతుంది. 230 వోల్టుల వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.