"చెప్పాను" అంటే అయిపోయినట్టు కాదు: వార్డు కోఆర్డినేటర్‌గా కొత్తగా చేరేవాళ్లకు

నల్లగొండలోనో పాలమూరులోనో కాస్త పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే, ప్రతి ఫ్లోర్‌లో నర్సింగ్ స్టేషన్ పక్కన ఒక మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటారు. చెవికి ఫోన్, చేతిలో కేస్ షీట్, ఎదురుగా ముగ్గురు అటెండర్లు, అంటే పేషెంట్ల వెంట వచ్చిన ఇంటివాళ్లు. ఒకచోట వార్డు కోఆర్డినేటర్ అంటారు, ఇంకోచోట ఫ్లోర్ కోఆర్డినేటర్, కార్పొరేట్ వాళ్లయితే యూనిట్ కోఆర్డినేటర్ అని బ్యాడ్జి కొట్టిస్తారు. నేను ఏడేళ్లు చేశాను, మా అమ్మ మాత్రం ఇప్పటికీ "మావోడు దవాఖానల రాస్తడు" అనే చెప్తుంది. ఒకరకంగా కరెక్టే.

ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, నాది బీకాం. కంప్యూటర్ మీద చేయి ఆడాలి, తెలుగుతో పాటు ఉర్దూనో హిందీనో వస్తే మహబూబ్‌నగర్‌లో సగం కష్టం తీరినట్టే, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి కన్నడ మాట్లాడేవాళ్లు కూడా వస్తుంటారు. స్టాట్ (వెంటనే చేయాలి), ఎన్‌బీఎం (నోటితో ఏమీ ఇవ్వొద్దు), క్రాస్ కన్సల్టేషన్ (వేరే విభాగం డాక్టర్‌తో చూపించడం) లాంటి మాటలు వింటూ వింటూ రెండు నెలల్లో నోటికొస్తాయి, వాటికి టెన్షన్ పడకండి. టెన్షన్ పడాల్సింది "చెప్పిన" అనే మాటకు.

నేను చేరిన కొత్తలో ఒక పొటాషియం రిపోర్టు మధ్యాహ్నం దాకా రాలేదు. సిస్టర్‌ని అడిగితే "శాంపిల్ తీసి చెప్పిన కదా" అంది. ల్యాబ్ వాళ్లు "మాకు రాలే" అన్నారు. వార్డ్ బాయ్ "నాకెవరూ ఇయ్యలే అన్నా" అన్నాడు. ట్యూబ్ మా ట్రేలోనే, ఒక కేస్ షీట్ కింద ఉంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. రక్తం అలా గంటల తరబడి ఉండిపోతే పొటాషియం లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది, అందుకని ఆ ముసలాయనకు మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆయన నా మొహం చూసి "ఎన్నిసార్లు తీస్తర్రా బిడ్డా నెత్తురు" అన్నాడు. అప్పుడు కొన్నాను లాంగ్ నోట్‌బుక్.

అందులో ఒక్కో పనికి ఒక్కో లైను. అడిగిన టైము, బెడ్డు, ఐపీ నంబరు (అడ్మిట్ అయినప్పుడు పేషెంట్‌కు ఇచ్చే నంబరు), ఏం అడిగాను, ఫోన్ ఎత్తింది ఎవరు, ఎన్నింటికి అవుతుందన్నారు. చివర ఖాళీ గడి, పని అయ్యాక కళ్లతో చూసి టైము వేయడానికి. "11:20, 214, అల్ట్రాసౌండ్, 12:15కు పిలుస్తామన్నారు" అని ఉంటే 12:15కు నేనే ఫోన్ చేస్తాను, వాళ్లు పిలిచేదాకా ఆగను. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. రిక్వెస్టు పెట్టగానే పచ్చరంగు వస్తుంది, పచ్చగా ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, అవతల ఆ స్క్రీన్ తెరిచి చూసేవాడు టీకి వెళ్లి ఉంటాడు.

పేర్ల సంగతి మొదటిరోజే నేర్చుకోండి. యాదగిరిగుట్ట చలవతో నల్లగొండ వైపు ఏ వార్డులో చూసినా ఇద్దరు యాదయ్యలుంటారు, పాలమూరులో కురుమూర్తి స్వామి పేరు మీద కుర్మయ్యలుంటారు, లక్ష్మమ్మలైతే రెండు చోట్లా లెక్కలేనంత మంది. పేరు ఒక్కటి చెప్పి మందులు తెప్పించొద్దు, స్కానింగ్‌కు పంపొద్దు. బెడ్ నంబరునీ నమ్మొద్దు, రాత్రి కిటికీ పక్క బెడ్డు కావాలని మారతారు. పేరు, ఐపీ నంబరు రెండూ చేతి బ్యాండ్ మీద చూసి చెప్పాలి. "లక్ష్మమ్మేనా?" అని అడిగితే చెవులు సరిగా వినపడని అవ్వ కూడా తలూపుతుంది, "నీ పేరేందవ్వా?" అని అడగాలి.

ఇక డిశ్చార్జి. సగం గొడవలు ఇక్కడే. పొద్దున పదింటికి రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ "ఇవాళ ఇంటికి పంపించండి" అని వెళ్లిపోతారు. ఆ మాట వినగానే వాళ్లు దుప్పట్లు మడత పెట్టేస్తారు, ఊర్లో ఆటోకు ఫోన్ చేసేస్తారు. కానీ డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టర్ క్యాజువాల్టీలో ఉంటారు. వాడని ఇంజెక్షన్లు, సెలైన్లు ఫార్మసీకి రిటర్న్ వెళ్లాలి, అవి లెక్క తేలకుండా బిల్లు ఫైనల్ కాదు. మధ్యలో ఒకసారి చూసి వెళ్లిన గుండె డాక్టర్ నోట్ మీద సంతకం ఉండదు. సాయంత్రం నాలుగైంది, అచ్చంపేట బస్సు సంగతేంటని ఇంటి పెద్దాయన నా టేబుల్ దగ్గరికి వస్తాడు, "పొద్దున పొమ్మంటిరి గదా సారూ" అంటాడు. ఆయనకు ఏం చెప్పగలం.

దీనికి మందు ముందురోజు సాయంత్రమే వేయాలి. ఈవినింగ్ రౌండ్స్‌లో డాక్టర్ వెనకే నిలబడి "రేపు పోయేవాళ్లు ఎవరు సార్?" అని అడగండి. కొందరు విసుక్కుంటారు, అయినా అడగండి. ఆ పేర్లకు రాత్రే సమ్మరీ డ్రాఫ్టు, రాత్రే మందుల రిటర్న్, రాత్రే పెండింగ్ రిపోర్టుల లెక్క. కల్చర్ రిపోర్టుకు, అంటే శాంపిల్‌లో క్రిములు పెరుగుతాయా అని చూసే పరీక్షకు, రెండు మూడు రోజులు పడుతుంది, అది రాకుండానే ఇంటికి పంపుతుంటే ఎప్పుడొస్తుందో, ఎవరికి ఫోన్ చేయాలో సమ్మరీలో రాయించండి. గేట్ పాస్ ఇచ్చే ముందు రెండు చేతులూ చూడండి. నవ్వకండి, మా ఫ్లోర్ నుంచి ఒకాయన చేతికి కాన్యులాతోనే (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) దేవరకొండ బస్సెక్కాడు, బస్సులో పక్క సీటామె చూసి చెప్తే మాకు ఫోన్ చేశాడు.

ఇన్సూరెన్స్ పేషెంటైతే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) అడిగితే కంపెనీ గంటలోపు తేల్చాలి, డిశ్చార్జి అప్రూవల్ 3 గంటలు దాటకూడదు, దాటినందువల్ల ఆస్పత్రి ఖర్చు పెరిగితే అది కంపెనీయే భరించాలి. బాగానే ఉంది, కాకపోతే ఆ 3 గంటలు మొదలయ్యేది మన కాగితాలు వాళ్లకు అందాకే. సమ్మరీ వార్డులోనే పడి ఉంటే అక్కడ గడియారం తిరగదు, ఇక్కడ అటెండర్ మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లను తిడుతూ ఉంటాడు. అందుకే ఇన్సూరెన్స్ డెస్కు మెయిల్ పంపిన టైము కూడా నా నోట్‌బుక్‌లో ఉంటుంది.

ఆరోగ్యశ్రీ దారి వేరే. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అందుకే మనవైపు ముసలివాళ్లకు కూడా ఆ పేరు బాగా తెలుసు. ఇప్పుడు పరిమితి 10 లక్షలు. పేషెంట్ చేరగానే ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే మనిషి) దగ్గరికి పంపండి, కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చారా అని అడ్మిషన్ టైములోనే అడగండి, ఆపరేషన్ ముందురోజు అడిగితే కార్డు కోసం మనిషి మళ్లీ ఊరికి పోయి రావాలి.

నా తప్పు ఒకటి చెప్తాను. డెంగీ సీజన్, ఒక పిల్లగాడికి ప్లేట్‌లెట్లు హైదరాబాద్ నుంచి తేవాలి, వంద కిలోమీటర్ల దారి. వాళ్ల బాబాయి బయల్దేరుతుంటే నేనే పెద్దమనిషిలా "ఐస్ బాక్సు తీసుకుపో అన్నా" అని సలహా ఇచ్చాను. రక్తం చల్లగా ఉండాలని తెలుసు, ప్లేట్‌లెట్లకూ అంతే అనుకున్నాను. ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల మధ్య, కదుపుతూ ఉంచాలి, చల్లబడితే పాడైపోతాయి. అదృష్టం బాగుండి బ్లడ్ బ్యాంకు వాళ్లు ఆ డబ్బా చూసి, ఐస్ తీయించి, ఆయన్ని గట్టిగా తిట్టి పంపారు. తిట్లు నాకు పడాల్సినవి. మామూలు రక్తం విషయంలో ఇంకో జాగ్రత్త: ఫ్రిజ్ నుంచి బయటికొచ్చిన బ్యాగు అరగంటలోపు ఎక్కించడం మొదలుపెట్టాలి, 4 గంటల్లో పూర్తవ్వాలి. కాబట్టి చేతికి సెలైన్ లైన్ పెట్టి ఉందా, కన్సెంట్ మీద సంతకమైందా, జ్వరమేమైనా ఉందా అని సిస్టర్‌ని అడిగాకే వార్డ్ బాయ్‌ని పంపండి. తెచ్చాక అడిగితే బ్యాగు టేబుల్ మీద వేడెక్కుతూ ఉంటుంది.

పురుగుల మందు తాగినవాళ్లు, విజయవాడ హైవే మీద యాక్సిడెంట్లు, కొట్లాటలు, ఇవన్నీ ఎంఎల్‌సీలు, అంటే పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసులు. రాసేది డ్యూటీ డాక్టర్, పోలీస్ స్టేషన్‌కు సమాచారం వెళ్లిందా, అందినట్టు సంతకం వచ్చిందా చూసేది మీరు. ఒంటి మీది బట్టలు ఇంటివాళ్లకు ఇచ్చేయొద్దు. ఇలాంటి కేసులో మనిషి పోతే, బాడీ ఎప్పుడిస్తారని చుట్టాలు మిమ్మల్నే అడుగుతారు, జాలిపడి "గంటలో ఇస్తారు" అని నోరు జారొద్దు, పోస్టుమార్టం దాకా వెళ్లే సంగతది. రిపోర్టు చూసి "ఏం కాదు, నార్మలే" అనడం కూడా మన పని కాదు, ఎంత బతిమిలాడినా. "డాక్టర్ గారు 6 గంటలకు వస్తారు, మిమ్మల్ని నేనే పిలుస్తా" అనండి, పిలవండి.

డ్యూటీ దిగేటప్పుడు మూతపడని లైన్లు తర్వాతి మనిషికి చదివి వినిపించండి, రాసిపెట్టి వెళ్లిపోవద్దు. ఆ మనిషి తిరిగి చెప్పాలి: "214 కల్చర్ రేపు, 208కి బ్లడ్ రెడీ, ఇంకా తేలే." నాకు పది నిమిషాలు ఎక్కువ పట్టేది, మా నైట్ డ్యూటీ అమ్మాయి "అన్నా, చాల్లే పో, బస్సు పోతది" అనేది, అంటూనే నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని 208 దగ్గర ఫోన్ ఎత్తేది.