సెయిలర్‌గా ఉంటూ రెస్క్యూ హెలికాప్టర్ పైలట్ అవ్వాలంటే ఏం చెయ్యాలి

విశాఖలో మల్కాపురం, సింధియా వైపు నేవీ తమ్ముళ్ళు ఐఎన్ఎస్ డేగా (నేవీ ఎయిర్ స్టేషన్) నుంచి లేచే హెలికాప్టర్లు చూసి అడిగేది ఒకటే, అన్నా బ్రాంచ్ మార్చుకుని కోస్ట్‌గార్డ్‌లో పైలట్ అవ్వొచ్చా అని. అవ్వొచ్చు, కానీ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని కాదు. అమెరికా వీడియోల్లో ఆర్మీ పైలట్లు కోస్ట్‌గార్డ్‌లోకి వెళ్ళిపోతున్నారు కదా అంటారు, నిజమే, వాళ్ళకి డైరెక్ట్ కమిషన్ ఏవియేటర్ అని స్కీమే ఉంది, అదీ ఆల్రెడీ పైలట్ అయినవాళ్ళకే. మన దగ్గర పైలట్ అంటే ఆఫీసర్, కాబట్టి నేవీ సెయిలరైనా ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మన్ అయినా బయట కుర్రాళ్ళతో పాటు ఆఫీసర్ ఎంట్రీ కొట్టాల్సిందే.

ముందు వయసు లెక్క చూస్కోండి. కోస్ట్‌గార్డ్ అసిస్టెంట్ కమాండెంట్ జీడీకి (జనరల్ డ్యూటీ, పైలట్లు వచ్చేది ఇందులోంచే) మామూలుగా 21 నుంచి 25, ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి 20 నుంచి 24. ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, డిగ్రీ కావాలి. ఇంటర్ అవగానే చేరిపోయి డిగ్రీ తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్ళకి పట్టా చేతికొచ్చేసరికి వయసు దాటిపోవచ్చు, అందుకే చేరిన ఏడాదే దూరవిద్యలో కట్టేయండి. అప్లికేషన్ ప్రాపర్ చానెల్లోనే, అంటే మీ పై ఆఫీసర్ల ద్వారానే వెళ్ళాలి, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కోసం నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు, షిప్ సెయిలింగ్‌లో ఉందంటే సంతకాలు అయ్యేలోపు లాస్ట్ డేట్ అయిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది సీపీఎస్‌ఎస్ దగ్గర. పైలట్ ఆప్టిట్యూడ్ చూసే ఈ కంప్యూటర్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే, ఫెయిలైతే మళ్ళీ రాయనివ్వరు, కోచింగ్ సెంటర్లో ఎవడో ఎక్స్‌పీరియన్స్ కోసం వెళ్ళి రా అన్నాడని వెళ్ళారో అంతే సంగతులు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ళ పొడవు, కూర్చున్నప్పుడు ఎత్తు కూడా కొలుస్తారు, కలర్ విజన్ ముందే ఎక్కడైనా చెక్ చేయించుకోండి.

సెలెక్టయినా హెలికాప్టరే ఇస్తారని గ్యారంటీ లేదు, డోర్నియర్ విమానం కూడా రావచ్చు. హెలికాప్టర్ వస్తే అరక్కోణంలో ఐఎన్ఎస్ రాజాలి, నేవీ వాళ్ళకీ కోస్ట్‌గార్డ్ వాళ్ళకీ ట్రైనింగ్ అక్కడే. ఇక రెస్క్యూ అంటే బుడమేరు వరదలప్పుడు పైనుంచి ఫుడ్ ప్యాకెట్లు వేసినంత ఈజీ అనుకోకండి, అది పగలు, అదీ నేల మీద. సముద్రంలో ఊగుతున్న ఓడ మీద హోవర్ చేస్తూ, అంటే గాల్లో ఒకేచోట నిలబడి, మనిషిని లాగేటప్పుడు కింద ఏముందో పైలట్‌కి కనపడదు, డోర్ దగ్గర వించ్ (మనిషిని పైకి లాగే తాడు మెషీన్) పట్టుకున్నవాడు ముందుకి, కాస్త ఎడమకి, ఆగు అని చెప్తుంటే ఆ మాట మీదే నిలబెట్టాలి. 2024 సెప్టెంబర్ 2 రాత్రి పోర్‌బందర్ దగ్గర ఒక ట్యాంకర్‌లో గాయపడిన మనిషి కోసం వెళ్ళిన కోస్ట్‌గార్డ్ ఏఎల్‌హెచ్ హెలికాప్టర్ సముద్రంలో పడిపోయింది. ఇంట్లోవాళ్ళకి ఇది కూడా చెప్పాకే ఫారం నింపండి.

వయసు దాటిపోయినవాళ్ళకి డైవింగ్ ఉంది, నేవీ డైవింగ్ స్కూల్ కొచ్చిలో. నన్నడిగితే రెస్క్యూ మీదే మోజు ఉన్నోడికి ఇదే బెటర్, తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగేది డైవరే కదా, పైగా దీనికి కమిషన్ (ఆఫీసర్ హోదా) అక్కర్లేదు, రేపు మీ డివిజనల్ ఆఫీసర్‌ని అడగొచ్చు.